తెనాలిలో పాత ఎలక్ట్రానిక్ వస్తువులు బాగుచేసి అమ్మే చిన్న వర్క్‌షాపు: ముందుగా ఏమి సిద్ధం చేసుకోవాలి?

తెనాలి మెకానిక్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు చదివి, పదకొండేళ్లుగా తెనాలిలో టీవీలు, ల్యాప్‌టాప్‌లు మరమ్మతు చేసే దుకాణంలో జీతానికి పనిచేస్తున్నాను. వచ్చే సంక్రాంతి తరువాత నేను, మొబైల్ పని బాగా తెలిసిన మా తోడల్లుడు, లెక్కలు చూడగల నా భార్య కలిసి సొంతంగా ఒక చిన్న వర్క్‌షాపు పెట్టుకోవాలని నిశ్చయించుకున్నాము. మా మామయ్య గారి రేకుల షెడ్డు ఒకటి నాలుగు వందల చదరపు అడుగులది ఖాళీగా ఉంది. చేతిలో మూడున్నర లక్షల రూపాయలు ఉన్నాయి.

ఈ ఆలోచన రావడానికి కారణం చెబుతాను. హింజి విరిగిందనో, బ్యాటరీ పోయిందనో, నెమ్మదిగా నడుస్తోందనో వదిలేసిన ల్యాప్‌టాప్‌లు పాత సామాన్ల బండి మీద ఇనుముతో పాటు కిలోల లెక్కన తూకానికి వెళ్లిపోవడం నేను వారం వారం చూస్తున్నాను. రెండు వేల రూపాయల పనితో మరో నాలుగేళ్లు నడిచే యంత్రాన్ని సుత్తితో పగలగొట్టి అల్యూమినియం వేరు చేస్తుంటే, ఈ పని నేర్చుకున్నవాడిగా నాకు బాధ కలుగుతుంది. అదే సమయంలో మా వీధిలో డిగ్రీ చదివే పిల్లలు కొత్త ల్యాప్‌టాప్ కొనలేక ఫోనులోనే రికార్డులు రాసుకుంటున్నారు.

పాత వస్తువులు కొనడానికి, అమ్మడానికి ఏ అనుమతులు కావాలి? సరుకును ఎక్కడి నుంచి, ఏ పద్ధతిలో కొనాలి? బాగుపడని బోర్డులను, బ్యాటరీలను ఏమి చేయాలి? బోర్డుల నుంచి యాసిడ్‌తో బంగారం తీయవచ్చని, అసలు లాభం అందులోనే ఉందని ఒకాయన పదే పదే చెబుతున్నాడు. నాకు మనసు ఒప్పడం లేదు గానీ, తెలిసినవారి మాట వినాలని అడుగుతున్నాను.

సికింద్రాబాద్ రిపేర్ బల్ల

తెనాలి మెకానిక్ గారూ, నేను సికింద్రాబాదులో, చెనాయ్ ట్రేడ్ సెంటరుకు దగ్గరలో తొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మీరు అనుమతుల గురించి ముందు అడిగారు గానీ, నా అనుభవంలో ఈ వ్యాపారం నిలబడాలన్నా, మునగాలన్నా సరుకు లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే తేలిపోతుంది. మొదటి ఏడాది నేను చవకగా దొరికిన ప్రతి వస్తువూ కొన్నాను. ఏడాది తిరిగేసరికి తరువాత చూద్దామని పక్కన పెట్టిన ప్రింటర్లు, మానిటర్లు, మదర్‌బోర్డులు వెనక గదిని పైకప్పు దాకా నింపేశాయి. నేను కడుతున్న అద్దెలో సగం వాటికే పోయింది. చివరికి కొన్న ధరలో నాలుగో వంతుకు కూడా అవి పోలేదు.

అందువల్ల ఇప్పుడు మా దగ్గర ఒకే ఒక్క కట్టుబాటు ఉంది. వచ్చిన వస్తువును ఆ రోజే బల్ల మీద పెట్టి, ఇరవై నిమిషాలలో దాని దారి ఏదో తేల్చేస్తాము: బాగుచేసి అమ్మడమా, స్పేర్ పార్టుల కోసం విప్పడమా, రీసైక్లరు (పాత వస్తువుల నుంచి లోహాలు వేరుచేసే సంస్థ) కోసం పెట్టిన పెట్టెలో వేయడమా. నాలుగో దారి లేదు. 'తరువాత చూద్దాం' అనే అరను మా షెడ్డులో కట్టనివ్వలేదు. మీ షెడ్డు నాలుగు వందల అడుగులే కాబట్టి ఈ కట్టుబాటు మీకు మరింత అవసరం.

ఈ పరీక్ష బల్లను ఎలా ఏర్పాటు చేసుకోవాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీకు తెలిసిన పనే అయినా రేపు మీ దగ్గర చేరే కుర్రవాళ్లకు తెలియదు. బల్ల పక్కన గోడకు వంద వాట్ల ఫిలమెంటు బల్బుతో ఒక సిరీస్ బోర్డు, అంటే కరెంటు బల్బు గుండా వెళ్లిన తరువాతే వస్తువుకు చేరే బోర్డు, బిగించండి. ఏ చరిత్రా తెలియని మానిటరునో, కంప్యూటరుకు కరెంటు మార్చి ఇచ్చే ఎస్ఎంపీఎస్‌నో నేరుగా కరెంటుకు కలపకుండా ముందు దీని ద్వారా ఇవ్వాలి. ప్లగ్గు పెట్టగానే బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే లోపల పెద్ద షార్టు లేదని అర్థం. నిండుగా వెలుగుతూనే ఉండిపోతే లోపల కరెంటును మార్చే భాగాలైన బ్రిడ్జి డయోడో, మాస్‌ఫెట్టో పోయి ఉంటుంది. బల్బు ఆ కరెంటును తన మీద వేసుకుంటుంది కాబట్టి బోర్డు ఇంకా కాలిపోకుండా మిగులుతుంది. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా మెయిన్స్ కరెంటు వచ్చే ప్రైమరీ వైపు పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. దానిని స్క్రూడ్రైవరుతో షార్టు చేసే అలవాటు మన రంగంలో చాలామందికి ఉంది. ఆ అలవాటును మొదటి రోజే మాన్పించి, రెసిస్టరుతో డిశ్చార్జి చేసి, మీటరు పెట్టి చూసిన తరువాతే చెయ్యి వేయడం నేర్పండి.

పరికరాల మీద మొత్తం పెట్టుబడి ఖర్చు చేయవద్దు. వేడిని అదుపు చేయగల సోల్డరింగ్ స్టేషను, వేడి గాలి ఊదే హాట్ ఎయిర్, మంచి మీటరు, డీసీ పవర్ సప్లై, ఒంటి మీది స్టాటిక్ కరెంటు బోర్డులను పాడుచేయకుండా యాంటీ స్టాటిక్ మ్యాట్, మణికట్టు పట్టీ ఉంటే మొదలుపెట్టవచ్చు. వాటితో పాటు బల్ల పక్కనే పొగను బయటికి లాగే ఫ్యాను ఒకటి తప్పనిసరిగా పెట్టించండి. సోల్డరుతో వాడే ఫ్లక్సు పొగను ఏళ్ల తరబడి పీల్చినవారికి ఆయాసం పట్టుకోవడం నేను దగ్గరగా చూశాను. సీసం కలిసిన సోల్డరు పట్టుకున్న చేతులతో అన్నం ముద్ద ముట్టకూడదు. సబ్బు, నీళ్లు షెడ్డులోనే ఉండాలి.

సరుకు విషయానికి వస్తే, మొదటి ఆరు నెలలు రకాలు పెంచకండి. ఆఫీసుల కోసం తయారైన ల్యాప్‌టాప్ శ్రేణులలో, అంటే థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి వాటిలో రెండు మూడు మోడళ్లు ఎంచుకుని వాటినే కొంటూ పోతే, చెడిపోయిన ఒకదాని కీబోర్డు మరొకదానికి, దీని డిస్‌ప్లే దానికి సరిపోతాయి. పది రకాలవి పది ఉంటే దేనికీ ఏదీ కలవదు.

ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా గమనించండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా పనిచేయాలంటే ఇంటెల్ ప్రాసెసరు కనీసం ఎనిమిదో తరానిది అయి ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా ఉండాలి. అందుచేత ఆరు, ఏడు తరాల యంత్రాలు ఒంట్లో ఏ రోగమూ లేకుండానే చవకగా బయటికి వస్తున్నాయి. హార్డ్‌డిస్కు బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ ఎనిమిది జీబీ చేసి, ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ ఎక్కిస్తే అవి విద్యార్థికి చక్కగా పనికివస్తాయి. అయితే అది విండోస్ కాదని, ఏ సాఫ్ట్‌వేర్లు దానిలో నడవవో కొనేవారికి ముందే చెప్పి బిల్లు మీద రాయాలి. దొంగ విండోస్ వేసి అమ్మడం మాత్రం చేయవద్దు.

చివరిగా డేటా. గత ఏడాది మా దగ్గరికి వచ్చిన ఒక ల్యాప్‌టాప్ తెరవగానే డెస్క్‌టాప్ మీదే ఆధార్ స్కాను, ఇంటి రిజిస్ట్రేషను కాగితాలు, ఒక చంటిబిడ్డ బారసాల ఫోటోలు కనిపించాయి. అమ్మినవారు అంతా తీసేశామనే అనుకున్నారు. ఆ ఫోటోల సంగతి వారికి ఫోను చేసి చెప్పి, పెన్‌డ్రైవులో వేసి ఇచ్చిన తరువాతే డిస్కు తుడిచాము. ఫార్మాటు చేస్తే డేటా పోయినట్టు కాదు. పాత హార్డ్‌డిస్కు అయితే మొదటి నుంచి చివరి దాకా ఒకసారి పూర్తిగా తిరగరాయాలి. ఎస్ఎస్‌డీకి ఆ పద్ధతి చాలదు, దానికే ఉన్న సెక్యూర్ ఎరేజ్ ఆదేశం ఇవ్వాలి. తుడవడానికి వీలుకాని డిస్కును రంధ్రాలు చేసి పాడుచేయాలే తప్ప అమ్మకూడదు. ఫోన్ల విషయంలో అమ్మే మనిషి మీ ఎదుటే గూగుల్ ఖాతానో, ఐక్లౌడ్ ఖాతానో తొలగించి రీసెట్ చేసిన తరువాతే డబ్బు ఇవ్వండి. తరువాత లాక్ పడితే అది స్పేర్ పార్టులకే పనికివస్తుంది.

గుంటూరు పద్దులు

నేను చిన్న వ్యాపారాలకు పన్ను లెక్కలు చూస్తుంటాను. మీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంత వరకు సమాధానం చెబుతాను.

ప్రస్తుతం అమలులో ఉన్నవి 2022 నాటి ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు. ఇవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం ఉత్పత్తిదారులు, తయారీదారులు, రీఫర్బిషర్లు (పాతవి బాగుచేసి అమ్మేవారు), రీసైక్లర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టలులో నమోదు కావాలి. అయితే చిన్న సంస్థలకు సంబంధించిన ఎంఎస్ఎంఈ చట్టం నిర్వచనం ప్రకారం సూక్ష్మ సంస్థలకు ఈ నియమాలు వర్తించవని ఆ నియమాలలోనే ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ సంస్థ అంటే యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, వార్షిక టర్నోవరు పది కోట్లు దాటనిది. కాబట్టి మీరు చిన్న సంస్థల నమోదు కోసం ఉన్న ఉద్యమ్ పోర్టలులో నమోదు చేసుకుని ఆ ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి. దానికి రుసుము లేదు. డబ్బు అడిగే మధ్యవర్తుల దగ్గరికి వెళ్లవద్దు.

ఈ మినహాయింపు చూసి చాలామంది అంతటితో ఆగిపోతారు. కానీ అవతలి వైపు నుంచి కూడా చూడాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో వెయ్యి లేదా అంతకు మించి ఎలక్ట్రానిక్ పరికరాలు వాడే సంస్థను నియమాలు బల్క్ కన్స్యూమర్ అంటాయి. అటువంటి సంస్థ తన ఈ-వ్యర్థాలను నమోదైన ఉత్పత్తిదారుకో, రీఫర్బిషరుకో, రీసైక్లరుకో మాత్రమే ఇవ్వాలి. అంటే మీకు మినహాయింపు ఉన్నా, పెద్ద కళాశాలో, ఆసుపత్రో, కంపెనీయో తన పాత కంప్యూటర్లను నమోదు లేని మీకు ఇవ్వలేదు. మొదటి ఏడాది ఇళ్ల నుంచి, చిన్న ఆఫీసుల నుంచి, ట్యూషను సెంటర్ల నుంచి కొనండి. పెద్ద సంస్థల సరుకు కావాలనుకున్న రోజున రీఫర్బిషరుగా స్వచ్ఛందంగా నమోదు కావడానికి వీలుందేమో, షెడ్డుకు ఏ పత్రాలు కావాలో కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. స్థానిక సంస్థ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు, దుకాణాల చట్టం కింద నమోదు మామూలే.

జీఎస్టీ విషయంలో మీరు వస్తువులు అమ్మడంతో పాటు మరమ్మతు సేవ కూడా చేస్తారు కాబట్టి, నమోదు తప్పనిసరి అయ్యే వార్షిక టర్నోవరు విషయంలో వస్తువులకు మన రాష్ట్రంలో ఉన్న నలభై లక్షల పరిమితిని కాక, ఇరవై లక్షల పరిమితిని దృష్టిలో పెట్టుకోండి. నమోదైన తరువాత పాత వస్తువుల వ్యాపారికి ఒక వెసులుబాటు ఉంది. సీజీఎస్టీ నియమాలలోని 32(5) ప్రకారం, వస్తువు స్వభావం మారని చిన్న చిన్న పనులు మాత్రమే చేసి అమ్మినప్పుడు, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీద మాత్రమే పన్ను లెక్కకట్టవచ్చు. ఉదాహరణకు 6,000 రూపాయలకు కొన్న ల్యాప్‌టాప్‌ను 9,500కు అమ్మితే 18 శాతం పన్ను 3,500 మీద పడుతుంది, అంటే 630 రూపాయలు. ఆ వస్తువు కొనుగోలు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును సర్దుబాటు చేసుకోవడం) తీసుకోకూడదు. మీరు వేసే కొత్త భాగాల ఖర్చును ఎలా చూపాలో మీ ఆడిటరుతో ముందే మాట్లాడుకోండి. ఇదంతా కొన్న ధరకు రుజువు ఉంటేనే నిలుస్తుంది.

అందుకే మీ శ్రీమతి గారు రాయవలసిన అతి ముఖ్యమైన పుస్తకం కొనుగోలు రిజిస్టరు. అమ్మిన వ్యక్తి పేరు, గుర్తింపు కార్డు నకలు, సంతకం, సీరియల్ నంబరు, ఫోను అయితే దాని గుర్తింపు సంఖ్య ఐఎంఈఐ, చెల్లించిన మొత్తం, చెల్లించిన పద్ధతి అన్నీ ఉండాలి. వీలైనంత వరకు యూపీఐ ద్వారా చెల్లించండి. నా ఖాతాదారుల్లో ఒకరు నమ్మకస్తుడైన కుర్రవాడే కదా అని కాగితం లేకుండా మూడు ఫోన్లు కొన్నారు. వాటిలో ఒకటి దొంగిలించినదని తేలింది. ఆయన ఎనిమిది నెలలు స్టేషను చుట్టూ తిరిగారు. దొంగ సొత్తు అని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం. ఫోను మీద *#06# నొక్కితే ఐఎంఈఐ కనిపిస్తుంది. దానిని కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టలులో చూస్తే బ్లాకు అయిందో లేదో తెలుస్తుంది. డబ్బు ఇచ్చే ముందే ఈ పని చేయాలి, తరువాత కాదు.

హనుమకొండ లెక్కల టీచరు

నేను కొనే వైపు మనిషిని. మా బడి కోసం దాతల సాయంతో పన్నెండు పాత ల్యాప్‌టాప్‌లు కొన్నాము. రెండు దుకాణాలు చూశాము. ఒక దుకాణంలో అన్నీ కొత్తవాటిలా మెరుస్తున్నాయి గానీ, బ్యాటరీ ఎంతసేపు వస్తుందని అడిగితే సమాధానం లేదు. రెండో దుకాణంలో ప్రతి ల్యాప్‌టాప్ మూత మీద చిన్న చీటీ అంటించి ఉంది: ఏమి మార్చారు, ఏమి మార్చలేదు, బ్యాటరీ గంటా పది నిమిషాలు వచ్చింది, కుడివైపు యూఎస్‌బీ పనిచేయదు, ఆరు నెలల వారంటీ. ఆ యూఎస్‌బీ పనిచేయదన్న మాట చూసిన తరువాతే మేము అక్కడ కొన్నాము. మీరు కూడా దయచేసి అటువంటి చీటీ పెట్టండి. బడులకు కావలసింది మెరుపు కాదు, చెడిపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియడం.

చర్లపల్లి బోర్డులు

నేను రీసైక్లింగు సంస్థలో బోర్డుల విభాగంలో పనిచేస్తున్నాను. యాసిడ్ మాటకు నేను సమాధానం చెప్పాలి.

మీ మనసు ఒప్పుకోకపోవడం సరైనదే. ఒక్కో బోర్డులో ఉండే బంగారం మిల్లీగ్రాముల లెక్కలో ఉంటుంది. దానిని ఇంటి పెరట్లో తీయడానికి వాడే ఆమ్లాల నుంచి వచ్చే గోధుమరంగు పొగ ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. పీల్చిన వెంటనే ఏమీ కాలేదనిపించి, కొన్ని గంటల తరువాత ప్రాణం మీదికి తెస్తుంది. మిగిలిన ద్రవంలో రాగి, సీసం కరిగి ఉంటాయి. దానిని కాలువలో పారబోస్తే ఆ నీరు ఎవరి పొలానికి వెళుతుందో డెల్టాలో ఉన్న మీకు నేను చెప్పనక్కరలేదు. లోహాలను సక్రమంగా వేరుచేయడం పెద్ద శాస్త్రం. హైదరాబాదులో చర్లపల్లి దగ్గర ఉన్న కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-మెట్ శాస్త్రవేత్తలు బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతుల మీదే పరిశోధన చేస్తున్నారు. అది షెడ్డులో ప్లాస్టిక్ బకెట్టుతో చేసే పని కాదు. అలాగే రాగి కోసం వైర్లు తగలబెట్టడం కూడా వద్దు. పీవీసీ తొడుగు కాలితే డయాక్సిన్లు అనే విషపదార్థాలు వెలువడతాయి. బోర్డులను విరగ్గొట్టకుండా, రకాలవారీగా పెట్టెలలో వేసి, నమోదైన రీసైక్లరుకు తూకం చీటీతో అమ్మండి. చీటీ నకలు దాచుకోండి.

బ్యాటరీల విషయంలో నేను చూసిన ఒక సంఘటన చెబుతాను. ఉబ్బిన ఫోను బ్యాటరీని అంటుకున్న జిగురు నుంచి తీయడానికి మా పాత సహోద్యోగి ఒకరు ఇనుప బద్దను లోపలికి దూర్చారు. ముందు తియ్యటి రసాయనపు వాసన వచ్చింది, ఆ తరువాత సన్నగా ఈల వంటి చప్పుడు, రెండు క్షణాలలో మంట. ఆయన చేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. ప్లాస్టిక్ బద్ద, ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడి నెమ్మదిగా తీయాలి. ఉబ్బినదానిని ఛార్జి చేయకూడదు, గుచ్చకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. టెర్మినళ్లకు టేపు చుట్టి, ఇసుక పోసిన ఇనుప డబ్బాలో, షెడ్డు బయట నీడలో పెట్టాలి. రేకుల షెడ్డు వేసవిలో ఎంత వేడెక్కుతుందో మీకే తెలుసు. బ్యాటరీలను పగలంతా దాని కింద నిల్వ ఉంచవద్దు. వాటికి 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు వేరుగా ఉన్నాయి, కాబట్టి వాటిని తీసుకునే రీసైక్లరు ఎవరో కూడా వేరుగా విచారించుకోండి.

తెనాలి మెకానిక్

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నా భార్య, తోడల్లుడు, నేను కూర్చుని అన్ని సమాధానాలూ చదువుకున్నాము. మూడు నిర్ణయాలు తీసుకున్నాము. యాసిడ్ మాట ఇక ఎత్తము. ఆ సలహా ఇచ్చినాయనకు కూడా ఈ సంగతులన్నీ చెబుతాను. మొదటి ఆరు నెలలు మూడు రకాల ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు మాత్రమే కొంటాము. కొనుగోలు రిజిస్టరు గడులను నా భార్య అప్పుడే గీసింది. డేటా తుడిచిన తేదీకి, తుడిచినవారి సంతకానికి ఆమె సొంతంగా మరో రెండు గడులు చేర్చింది.

ఒక్క సందేహం మిగిలింది. షెడ్డు శుభ్రం చేస్తుంటే మా మామయ్య గారు ఎప్పుడో కొనిపెట్టిన పాత పిక్చర్ ట్యూబు టీవీలు తొమ్మిది బయటపడ్డాయి. వాటిలో నాలుగు పనిచేస్తున్నాయి కూడా. వాటిని ఏమి చేయమంటారు?

చర్లపల్లి బోర్డులు

పనిచేసేవి ఎవరైనా అడిగితే ఇవ్వండి, అడిగేవారు అరుదు. మిగిలినవాటిని రాగి కాయిల్ కోసం విప్పబోయి ట్యూబు మెడ విరగ్గొట్టవద్దు. లోపల శూన్యం ఉంటుంది కాబట్టి గాజు పేలినట్టు చిమ్ముతుంది, పైగా ఆ గాజులో సీసం ఉంటుంది. పెట్టెతో సహా అలాగే ఉంచండి. తొమ్మిదింటి కోసం రీసైక్లరు బండి తెనాలి దాకా రాకపోవచ్చు. మీరు ఇప్పుడు పనిచేస్తున్న దుకాణంతో పాటు ఊళ్లోని మిగతా మెకానిక్కుల దగ్గర కూడా ఇటువంటివి మూలన పడి ఉంటాయి. అందరివీ కలిపి ఒక లోడు చేసి, విజయవాడ వైపు వచ్చే బండికి ముందుగా మాట్లాడుకోండి. ట్యూబులకు వాళ్లు డబ్బు ఇవ్వకపోవచ్చు, ఎదురు అడగవచ్చు కూడా. బోర్డులను అదే బండికి ఎక్కిస్తే ఆ ఖర్చు వాటి డబ్బులో సర్దుబాటు అవుతుంది.

సికింద్రాబాద్ రిపేర్ బల్ల

బండి మాట్లాడుకునేటప్పుడు ఆ రీసైక్లరు పేరు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి. చూపించిన కార్డును నమ్మవద్దు. సంక్రాంతి లోపు ఒకసారి సికింద్రాబాదు రండి. మీ తోడల్లుడిని కూడా తీసుకురండి. రెండు రోజులు మా బల్ల దగ్గర కూర్చుంటే ఇరవై నిమిషాలలో ఎలా తేలుస్తామో మీరే చూస్తారు. నా దగ్గర అదనంగా ఉన్న సిరీస్ బోర్డు ఒకటి మీకు ఇచ్చి పంపుతాను.